ఇంగ్లీషు రాయగలిగినవాళ్లు మాట్లాడలేకపోవడం ఎందుకు?

ఇంగ్లీషు పరీక్ష బాగా రాసిన పిల్లలు ఇంటర్వ్యూలో నోరు పెగలక ఇబ్బంది పడుతుంటారు. భయమనో మొహమాటమనో సరిపెట్టుకుంటాం. టెన్షన్ ఉంటుంది, నిజమే. కానీ అసలు చిక్కు టైముతో.

మాటల్లో ఒకరు ఆపాక మరొకరు అందుకోవడానికి పట్టే వ్యవధి సుమారు సెకనులో ఐదో వంతు. జపనీస్, డేనిష్, కొరియన్ సహా పది భాషల సంభాషణలను పోల్చిన పరిశోధన 2009లో వెలువడింది. భాషనుబట్టి కొద్దిపాటి తేడాలున్నా అన్నిటిలోనూ ఇదే తీరు. మరి ఒక బొమ్మ చూసి దాని పేరు చెప్పడానికి సొంత భాషలోనే అర సెకను దాటుతుంది! అంటే ఎదుటివాళ్లు ముగించకముందే మనలో జవాబు తయారవుతోందన్నమాట. కొత్త భాషలో అలా కుదరదు. వినడం, పదం వెతుక్కోవడం, క్రియను సరైన కాలంలో పెట్టడం అన్నీ ఒక్కసారే మీద పడతాయి.

మాట పుట్టే క్రమాన్ని విలెం లెవెల్ట్ అనే డచ్ మనస్తత్వ శాస్త్రవేత్త 1989లో మూడు దశలుగా వివరించాడు: భావం ఏర్పడటం, దాన్ని వాక్యంగా కూర్చడం, నోటితో పలకడం. మొదటి రెండూ రాతలోనూ తప్పవు. రాసేటప్పుడు ఆగి దిద్దుకునే వీలుంటుంది, అంతే. అందుకే రాత మాటకు పనికిరాదనే వాదన నాకు నచ్చదు.

2002లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం దీనికి మంచి ఆధారం. స్పానిష్ నేర్చుకునే కాలేజీ విద్యార్థుల్లో కొందరు వారానికి నాలుగు గంటల క్లాసులో రెండు గంటలు చాట్‌లో టైపు చేస్తూ గడిపారు. మిగతావాళ్లు నాలుగు గంటలూ ముఖాముఖి క్లాసులోనే ఉన్నారు. చివర్లో మాట్లాడే పరీక్ష పెడితే చాట్ చేసినవాళ్లే ఎక్కువ మెరుగుపడ్డారు. చాట్‌లో జవాబు త్వరగా ఇవ్వాలి, కానీ పంపేముందు చూసుకోవచ్చు. వాక్యం కూర్చడానికి ఇంతకంటే మంచి సాధన ఏముంటుంది?

మన బడుల్లో రాత అంటే చాలాచోట్ల గైడులోని వ్యాసాన్ని బట్టీపట్టి దించేయడమే. అందులో భావమూ సొంతం కాదు, వాక్యమూ సొంతం కాదు. అలాంటి రాత ఎన్ని నోట్సులు నింపినా నోటికి సాయపడదు.

అయితే పలకడమనే మూడో దశ రాతతో రాదు. ఈ రోజు ఏం జరిగిందో ఐదారు వాక్యాల్లో సొంతంగా రాసి, కాగితం పక్కనపెట్టి, అదే సంగతి స్నేహితులకు పైకి చెప్పి చూడండి. ఎక్కడ తడబడ్డారో ఆ వాక్యాన్ని మర్నాడు మరోలా రాయండి.