ఏఆర్ కళ్ళజోడు: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో ఆగ్మెంటెడ్ రియాలిటీ డెమోలు చేస్తుంటాను. ఎదురుగా ఉన్న గదిలోనే కంప్యూటర్ బొమ్మ కూడా ఉన్నట్టు చూపించాలి, అదే మా పని. చూడడానికి వచ్చినవాళ్ళు ఎక్కువగా అనే మాటలు ఇవి.

అపోహ: కళ్ళజోడులో ఏ రంగైనా చూపించొచ్చు.

వాస్తవం: నలుపు చూపించలేం. రాత్రి పూట శ్రీకాకుళం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు అద్దంలోకి చూడండి. మన ముఖం, బయటి దుకాణాలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. నుదురు, తెల్ల చొక్కా తేలి కనిపిస్తాయి. నల్లటి జుట్టు ఉండాల్సిన చోట మాత్రం బయటి దీపాలే ఉంటాయి. మైక్రోసాఫ్ట్ చేసిన హోలోలెన్స్ లాంటి పారదర్శక కళ్ళజోళ్ళదీ ఇదే పద్ధతి: బయటి వెలుతురుకు తమ వెలుతురు కలపగలవు, ఉన్న వెలుతురును తీసేయలేవు.

బొబ్బిలి వీణ కంప్యూటర్ బొమ్మతో ఈ పాఠం నాకు బాగా తెలిసొచ్చింది. పనసచెక్క రంగు చక్కగా వచ్చింది. వీణ మెట్ల కింద నల్ల మైనం ఉండాల్సిన చోట వెనకున్న గోడ కనబడింది! మైనాన్ని ముదురు గోధుమరంగుకు మార్చాకే వీణ నిండుగా అనిపించింది. నీడలదీ ఇదే కష్టం. ఇక మధ్యాహ్నం ఎండలోకి వెళ్తే బొమ్మంతా వెలిసిపోతుంది.

అపోహ: అయితే కెమెరా ఉన్న హెడ్‌సెట్టే మేలు.

వాస్తవం: ఫోన్‌లో, క్వెస్ట్ 3, యాపిల్ విజన్ ప్రో లాంటి హెడ్‌సెట్లలో కెమెరా తీసిన వీడియోలోనే బొమ్మను కలుపుతారు కాబట్టి నలుపు నలుపుగానే వస్తుంది. కానీ అక్కడ మనం చూసేది లోకాన్ని కాదు, లోకం వీడియోని. హెడ్‌సెట్ ఆగిపోతే ఎదురుగా ఏమీ కనబడదు. నడుస్తూ పని చేసేవాళ్ళకు నేను పారదర్శక కళ్ళజోడే చెబుతాను.

అపోహ: త్రీడీ మోడల్ బాగుంటే చాలు, గదిలో కలిసిపోతుంది.

వాస్తవం: బుడితి ఇత్తడి చెంబును దగ్గర్నుంచి చూడండి. దాని పొట్ట మీద కిటికీ వంకరగా కనిపిస్తుంది, చూసే మన ముఖమూ కనిపిస్తుంది. కంప్యూటర్ చెంబులో మీ గది కిటికీ లేకపోతే, మోడల్ ఎంత అందంగా ఉన్నా అతికించిన స్టిక్కర్‌లాగే ఉంటుంది. అందుకే సాఫ్ట్‌వేర్ ముందుగా గదిలో వెలుతురు ఏ వైపు నుంచి వస్తోందో అంచనా వేస్తుంది. చెంబు ముందు చెయ్యి పెడితే చెయ్యే ముందు కనబడాలి. దానికి ఏది ఎంత దూరంలో ఉందో కొలవాలి. వేళ్ళ సందుల్లో ఇప్పటికీ తప్పులు దొర్లుతూనే ఉంటాయి.

అపోహ: బొమ్మ జారుతోందంటే సెన్సర్ పాడైనట్టే.

వాస్తవం: చాలాసార్లు కారణం ఆలస్యం. తలను సెకనుకు 50 డిగ్రీల వేగంతో తిప్పారనుకోండి. బొమ్మ 20 మిల్లీసెకన్లు ఆలస్యమైతే ఒక డిగ్రీ తేడా వస్తుంది. రెండు మీటర్ల దూరంలో అది మూడున్నర సెంటీమీటర్లు. అంటే బల్ల అంచున పెట్టిన చెంబు గాల్లోకి జరిగినట్టే. తల ఎటు తిరగబోతోందో ముందే ఊహించి బొమ్మ గీయడం అందుకే.

అపోహ: ఇదంతా నిన్నగాక మొన్న వచ్చింది.

వాస్తవం: అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త ఐవాన్ సదర్లాండ్ తలకు పెట్టుకునే పారదర్శక డిస్‌ప్లేను 1968లోనే చూపించారు.

అపోహ: కళ్ళజోడుతో వచ్చే తలనొప్పి అలవాటయ్యేదాకే.

వాస్తవం: ఇప్పటి కళ్ళజోళ్ళలో చాలావాటికి ఫోకస్ ఒకే దూరంలో ఉంటుంది, హోలోలెన్స్‌కు దాదాపు రెండు మీటర్లు. బొమ్మను ముక్కు దగ్గరికి తెస్తే రెండు కళ్ళూ లోపలికి తిరుగుతాయి, ఫోకస్ మాత్రం దూరంలోనే ఉండిపోతుంది. ఆ తేడా వల్లే కళ్ళు అలసి తల నొస్తుంది. ఓర్చుకోమని పిల్లలకు ఎప్పుడూ చెప్పకండి. బొమ్మను దూరంగా జరపండి, అప్పటికీ ఇబ్బందిగా ఉంటే కళ్ళజోడు తీయించేయండి.