ఉద్యోగ లెక్కలు: గుమ్మం దగ్గర వినపడే అపోహలు, అసలు వాస్తవాలు

హైదరాబాద్‌లో ఉపాధి సర్వేలు చేసే బృందాలకు శిక్షణ ఇవ్వడం, వాళ్లు నింపుకొచ్చిన ఫారాలు సరిచూడడం నా పని. ఉద్యోగాల గురించి ఎక్కడ వాదన మొదలైనా అందరూ నిరుద్యోగ రేటు పట్టుకునే కొట్టుకుంటారు. మనలాంటి దేశంలో ఆ ఒక్క అంకె చెప్పేది చాలా తక్కువ.

అపోహ: నిరుద్యోగం 3.2 శాతమే కాబట్టి అందరికీ ఉద్యోగాలున్నట్టే.

వాస్తవం: కేంద్రం ఉపాధి మీద చేయించే పీఎల్ఎఫ్ఎస్ సర్వేలో 2023-24లో 15 ఏళ్లు, ఆపైన వాళ్లకు వచ్చిన అంకె అదే. అందులో తప్పేం లేదు. కాకపోతే పని లేక వెతుక్కుంటున్నవాళ్లనే నిరుద్యోగులుగా లెక్కేస్తారు. అలా ఖాళీగా ఉండి ఉద్యోగం వెతుక్కోవాలంటే ఇంట్లో ఎవరో ఒకరు పోషించాలి. పొద్దున్నే అడ్డా మీద నిలబడే కూలీకి ఆ వెసులుబాటు ఎక్కడిది? పెద్ద పని దొరక్కపోతే తక్కువ కూలికైనా వెళ్తాడు, లేదంటే బండి పెట్టుకుని ఏదో ఒకటి అమ్ముకుంటాడు. సర్వేలో అతను ఉపాధి ఉన్న మనిషే.

అందుకే నేను రేటు కంటే ముందు ఎలాంటి పని అన్నది చూస్తాను. 2023-24లో పనిచేసేవాళ్లలో నెలజీతం, లేదా క్రమం తప్పని కూలి అందేవాళ్లు 21.7 శాతమే. 2017-18లో 22.8 ఉండేది. స్వయం ఉపాధి మాత్రం 52.2 నుంచి 58.4కి పెరిగింది. వ్యవసాయం వాటా కూడా 2018-19లో 42.5 ఉన్నది 46.1 అయింది. దేశం ఎదిగేకొద్దీ జనం పొలం నుంచి ఫ్యాక్టరీకి వెళ్తారని పాఠాల్లో చదువుకున్నాం. కానీ కోవిడ్ రోజుల్లో ఊళ్లకు వెళ్లినవాళ్లలో చాలామందికి తిరిగొచ్చేంత పని పట్నంలో దొరకలేదు.

అపోహ: వారంలో ఒక్క గంట పనిచేసినా ఉద్యోగి అని రాసేసి ప్రభుత్వం మాయ చేస్తోంది.

వాస్తవం: సగం నిజం. గంట నియమం ఉంది. అది అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రమాణం, వారపు లెక్కకు వాడతారు. పైన చెప్పిన 3.2 దాని నుంచి వచ్చింది కాదు. దానికి గడచిన 365 రోజుల్లో ఎక్కువ కాలం ఏం చేశారో అడుగుతారు. కనీసం 30 రోజులు చేసిన చిన్నాచితకా పనిని కూడా కలుపుతారు.

అపోహ: చదువుకుంటే చాలు, ఉద్యోగం అదే వస్తుంది.

వాస్తవం: 2022లో యువతలో చదవడం, రాయడం రానివాళ్ల నిరుద్యోగం 3.4 శాతం, డిగ్రీ చదివినవాళ్లది 29.1 శాతం. చదువు వద్దని దీని అర్థం కాదు. చదివించిన ఇల్లు ఇంకో ఏడాది ఆగగలదు, చదివిన పిల్లాడు ఏదో ఒక పనికి ఒప్పుకోడు. అమీర్‌పేట హాస్టళ్లలో కోర్సు మీద కోర్సు చేసేవాళ్లు, అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్లు "చదువుతున్నా" అంటే విద్యార్థుల కిందకు వెళ్లిపోతారు. అంటే 29 శాతంలో కూడా వాళ్లు ఉండరు.

అపోహ: ఆడవాళ్లు ఇంట్లోనే ఉంటారు, పనిచేయరు.

వాస్తవం: నాకు ఎక్కువ తలనొప్పి ఇక్కడే. "మా ఆవిడ ఏం చేయదండీ" అని భర్త చెబుతాడు. చాలాసార్లు ఆవిడే "నేనేం చేస్తా, ఇంట్లోనే" అంటుంది. కుర్రాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: అక్కడితో రాయడం ఆపేయకండి, మళ్లీ అడగండి. చీరలకు ఫాల్ కుడతారా? మగ్గం వర్క్ చేస్తారా? మీ ఆయన లేనప్పుడు కిరాణా కొట్లో ఎవరు కూర్చుంటారు? పాతబస్తీలో లక్క గాజులకు రాళ్లు అతికేవాళ్లు, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టేవాళ్లు ఇలా అడిగితేనే లెక్కలోకి వస్తారు. పీసుకింత అని డబ్బులొస్తాయి కానీ వాళ్లు దాన్ని ఉద్యోగం అనుకోరు.

ఇప్పుడు రెండో వైపు. పనిచేసే, పని వెతికే మహిళల వాటా 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7. బాగా పెరిగిందని సంబరపడేవాళ్లు లోపల ఏముందో కూడా చూడాలి. పల్లెల్లో 47.6, పట్టణాల్లో 28 మాత్రమే. పనిచేసే మహిళల్లో మూడోవంతు మించి సొంత పొలంలోనో కొట్లోనో జీతం లేకుండా సాయపడేవాళ్లే. ఆమె చేతికి రూపాయి రాకపోయినా లెక్క పెరుగుతుంది. నన్నడిగితే ఇది ప్రగతో, ఇల్లు గడవని ఇబ్బందో ఆ ఒక్క అంకెను చూసి తేల్చేయకూడదు. ఇక వంట, ఊడ్చడం, నీళ్లు పట్టడం ఇవేవీ ఇందులో లేవు. 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి ఆ పని చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు.

అపోహ: హైదరాబాద్ అంటే ఐటీ.

వాస్తవం: 2022-23 నాటికి తెలంగాణ మొత్తంలో ఐటీ ఉద్యోగులు 9 లక్షల పైచిలుకు. కోటి దాటిన ఊళ్లో మిగతా జనం ఏం చేస్తున్నారో ఫ్యాక్టరీలుండే జీడిమెట్ల, కాటేదాన్, హోల్‌సేల్ కొట్లుండే బేగంబజార్ వెళ్తే తెలుస్తుంది.

అపోహ: అరవై దాటితే విశ్రాంతే.

వాస్తవం: పెన్షన్ ఉన్న ఉద్యోగం చేసినవాళ్లకు. మిగతావాళ్లను అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పన్నెండు గంటల డ్యూటీలో చూస్తూనే ఉన్నాం.

అపోహ: నిజం చెబితే రేషన్ కార్డు తీసేస్తారు.

వాస్తవం: ఈ భయంతోనే చాలామంది సంపాదన దాస్తారు, ఆడవాళ్ల పని అసలే చెప్పరు. 2008 నాటి గణాంకాల సేకరణ చట్టం కింద ఇచ్చిన వివరాలను గణాంకాలకే వాడాలి, ఎవరి పేరుతోనూ బయటపెట్టకూడదు. వచ్చినవాళ్ల గుర్తింపు కార్డు అడిగి చూడండి. ఆధార్ ఓటీపీ చెప్పమంటే మాత్రం తలుపేసుకోండి, వాళ్లు మావాళ్లు కారు.