మిలటరీ పార మన ఒండ్రులో దిగుతుందా? పాత సైనిక సామానుపై అపోహలు - వాస్తవాలు

మాది నరసాపురం దగ్గర, వశిష్ఠ గట్టుని ఆనుకుని ఉన్న ఊరు. పదిహేనేళ్లుగా మిలటరీ పాత సామాను పోగేస్తున్నాను. తుపాకుల జోలికి పోను. సైనికుడు వీపున మోసే సంచులు, నీళ్ల సీసాలు, నడుం పట్టీలు, వాటన్నిటికంటే ఇష్టంగా కందకం తవ్వుకునే చిన్న పారలు. మా ఇంటావిడ లెక్కలో ఇదంతా పాత ఇనప సామాను కొట్టే. చూడ్డానికి వచ్చేవాళ్ల మాటలు, అమ్మేవాళ్ల కథలు వినీ వినీ ఇది రాస్తున్నాను.

అపోహ: మిలటరీ పార మన పారకంటే గట్టిగా పనిచేస్తుంది

నేనూ ఇలాగే అనుకునేవాణ్ణి. 2022 జూలైలో గోదావరి పోటెత్తినప్పుడు గట్టు మీద రాత్రంతా ఇసుక బస్తాలు నింపాం. నేను గొప్పగా 1943 మోడల్ అమెరికన్ మడత పార పట్టుకెళ్లాను. అరగంటకల్లా మడత దగ్గర ఒండ్రు ఇరుక్కుని బిగింపు మర తిరగడం మానేసింది. పక్కన మా చిన్నాన్న తుమ్మ కామ వేసిన మామూలు పారతో, నేను ఒక బస్తా నింపేలోపు మూడు నింపేశాడు. "ఒరేయ్, ఆ బొమ్మ అవతల పెట్టి బస్తా మూతి పట్టుకో" అన్నాడు. పట్టుకున్నాను.

తప్పు పారది కాదు. అది మన పనికోసం పుట్టలేదు. తల ఎత్తితే తూటా తగిలే చోట బోర్లా పడుకుని, ముందు తల మటుకు దాచుకునేంత గుంట తవ్వుకోవడానికి చేసిన వస్తువు అది. రష్యన్ సైన్యం వాడిన ఎంపీఎల్-50 అనే చిన్న పార చూడండి. పేరులో ఉన్న 50 దాని మొత్తం పొడవు, సెంటీమీటర్లలో. దాని మూలం 1869లో లినెమాన్ అనే డెన్మార్క్ సైనికాధికారి రూపొందించిన చిన్న పార. నడుముకి తగిలించుకుని పరుగెత్తాలి కాబట్టి పొట్టిగా ఉంటుంది. రోజంతా నిలబడి తవ్వితే నడుం పడిపోతుంది.

ఇంకో తేడా కూడా ఉంది. వాళ్ల పార తోసేది, మనది లాగేది. గట్టి నేలమీద బూటు కాలితో రేకుని తొక్కి దింపడం వాళ్ల పద్ధతి. మోకాలి లోతు బురదలో వట్టి కాళ్లతో దేన్ని తొక్కుతాం? అందుకే మన పార రేకు కామకి అడ్డంగా ఉంటుంది, ఎత్తి వేసి దగ్గరికి లాక్కుంటాం. తమాషా ఏమిటంటే, ఆ అమెరికన్ పార రేకుని సగం మడిచి బిగిస్తే అచ్చం మన పార వాటం వస్తుంది. పొడి ఇసుకలో అలా వాడి చూశాను, బాగానే లాగుతుంది. జర్మన్ల మడత పారని చూసి అమెరికన్లు దాన్ని చేసుకున్నారు. మన పొలాల్లో ఆ వాటం ఎప్పటినుంచో ఉంది.

అపోహ: బాణం గుర్తు ఉంటే బ్రిటిష్ వాళ్ల కాలందే

అమ్మేవాళ్లకి బాగా కలిసొచ్చే అబద్ధం ఇది. సామాను మీద కొట్టే మూడు గీతల బాణం సర్కారు సొత్తు అని చెప్పే గుర్తు, అంతే. అది కాలాన్ని చెప్పదు. రోడ్డు మీద మిలటరీ లారీ కనిపిస్తే నంబరు ప్లేటు చూడండి, పైకి చూపే బాణం ఇప్పటికీ ఉంటుంది. బాణం చుట్టూ సి అక్షరం ఉంటే కెనడాది. బాణం కింద ఐ ఉంటే భారత్‌ది. కాలం తెలియాలంటే పక్కన కొట్టిన సంవత్సరం కావాలి. ఆ అచ్చు కూడా అసలుదేనా అని చూడాలి. ఇనుము తుప్పుతో గుంటలు పడి, అచ్చు అంచులు మటుకు నిన్న కొట్టినట్టు పదునుగా ఉంటే డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

ఒక్కోసారి కొట్టువాడి తెలియనితనం మనకి కలిసొస్తుంది. కందకం తవ్వుకునే బ్రిటిష్ 1937 నమూనా పనిముట్టుకి తల వేరు, కర్ర వేరు. తలకి ఒకవైపు వెడల్పు రేకు, రెండోవైపు పలుగు మొన. తాడేపల్లిగూడెంలో ఒక పాత సామాను కొట్టులో దాని కర్ర దొరికింది, చివర ఇనప తొడుగుతో. "అతుకేసిన కర్రండీ" అని కొట్టతను రేటు తగ్గించాడు. అది అతుకు కాదు. యుద్ధం నడుస్తుండగా చేసిన మార్పు. ఆ తొడుగుకి మేకులాంటి బయొనెట్ (తుపాకీ మొనకి బిగించే కత్తి) తగిలించి, నేలలో మందుపాతరలు ఉన్నాయేమోనని పొడిచి చూసేవారు. నేను నోరెత్తకుండా డబ్బులిచ్చి వచ్చేశాను. తప్పా అంటే, ఏమో!

అపోహ: మెరిపిస్తే విలువ పెరుగుతుంది

నా దగ్గరికి వచ్చిన మొదటి పార తలని వెల్డింగ్ షాపులో గ్రైండరు పట్టించాను. అద్దంలా మెరిసింది. తుప్పుతోపాటు సంవత్సరం అచ్చు కూడా పోయింది. ఇప్పుడు దాన్ని తూకానికి తప్ప ఎవరూ కొనరు.

కిరోసిన్‌లో ఒక రాత్రి నానబెట్టి, గట్టి బ్రష్షుతో రుద్ది, బాగా ఆరాక పల్చగా నూనె పట్టిస్తే చాలు. కర్రకి అవిసె నూనె. మన ఉప్పుగాలికి నెలకోసారి చేతిలోకి తీసుకుని చూసుకోవాల్సిందే. గుడ్డ పట్టీలని పాలిథిన్ కవరులో మూటగట్టేవాళ్లని చూస్తే నాకు టెన్షన్. లోపలి చెమ్మ బయటికి పోక వానాకాలం తిరిగేసరికి బూజు పడుతుంది. ఇత్తడి బిళ్లలు తోలుకి తగిలినచోట పచ్చటి చిలుము వస్తుంది, దాన్ని పుల్లతో గీకి పొడి గుడ్డతో తుడవాలి. చింతపండు పెట్టి తోమొద్దు, అది ఇంట్లో బిందెలకి.

అపోహ: ఇవన్నీ ఇంట్లో ఉంచుకోవడమే నేరం

కాదు. అలాగని అన్నిటికీ స్వేచ్ఛా లేదు. పారకి ఏ ఇబ్బందీ లేదు. బయొనెట్ వేరే సంగతి. ఆయుధాల నిబంధనల్లో దాన్ని పేరు పెట్టి మరీ రాశారు. 9 అంగుళాలకి మించిన పొడవో, 2 అంగుళాలకి మించిన వెడల్పో ఉన్న మారణాయుధాల జాబితాలో ఉంటుంది. వ్యవసాయానికి చేసిన పనిముట్లని మాత్రం వదిలేశారు.

దుస్తుల విషయంలో కుర్రాళ్లు జాగ్రత్త. సైనికుడు కానివాడు సైనికుడని జనం నమ్మాలనే ఉద్దేశంతో ఆ దుస్తులు వేసుకుంటే, భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. 2022 జనవరి 15న సైనిక దినోత్సవాన బయటికొచ్చిన కొత్త యూనిఫాం డిజైన్‌ని సైన్యం తన పేరిట రిజిస్టరు చేయించుకుంది. బజారులో దొరికేవి నకళ్లే.

అపోహ: కాకినాడ వైపు తవ్వితే యుద్ధకాలం సామాను దొరుకుతుంది

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖతో పాటు కాకినాడ మీదా బాంబులు వేసిన మాట నిజం. అంతమాత్రాన డెల్టా యుద్ధభూమి అయిపోదు. ఇక్కడ నేలమీద పోరాటం జరగలేదు. పైగా నేలలో దాగిన విలువైనది ఏది దొరికినా, 10 రూపాయలు దాటితే కలెక్టరుకి చెప్పాలని 1878 నాటి చట్టం. గుండులాంటిదో గొట్టంలాంటిదో కనబడితే చెయ్యి వెయ్యకుండా దూరం జరిగి పోలీసులకి చెప్పండి. పాతదైతే పేలదు అనుకోవడం అన్నిటికంటే పెద్ద అపోహ.

అసలు సామాను దొరికేది మాజీ సైనికుల ఇళ్లలో, అటక మీది నల్ల ట్రంకు పెట్టెల్లో. తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం అని ఊరి పేరులోనే సైన్యం ఉంది. తరతరాలుగా ఇంటికొకరు చొప్పున సైన్యంలోకి వెళ్లిన ఊరు. అలాంటి ఇళ్లకి వెళ్తే బేరం ముందు మొదలుపెట్టకండి, మంచినీళ్లు తాగి కాసేపు కూర్చోండి. పతకాలు అమ్మమని నేను ఎవర్నీ అడగను.

పోయినేడాది కోనసీమలో ఒకరింటి పెరట్లో 1937 నమూనా తల కనిపించింది. పలుగు మొన పైకి ఉండేలా మొద్దులో దిగ్గొట్టి, దానిమీద కొబ్బరికాయలు వలుస్తున్నారు. మొన అరిగి వెండిలా మెరుస్తోంది. మొద్దు అంచున సంవత్సరం అచ్చు సగం కనబడుతోంది. ఎంతకిస్తారని అడిగాను. ఆ పెద్దావిడ నావైపు ఎగాదిగా చూసి, "ఇది నీకిచ్చేస్తే కాయలు దేంతో వలవమంటావు నాయనా?" అంది.