గది లోపల మొక్కలు: గాలి విషయంలో అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో మా ఇంటి పై అంతస్తులో ఒక గది ఉంది. పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ పదేసి అడుగులు. అందులో లైట్ల కింద మైక్రోగ్రీన్స్ (మొలకెత్తిన కొద్ది రోజులకే కోసుకునే లేత ఆకుకూరలు), లెట్యూస్ (సలాడ్ ఆకు) పెంచుతాను. అడిగినవాళ్లకు ఇలాంటి గదులు అమర్చి ఇస్తాను కూడా. విత్తనం, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), లైట్ల గురించి అందరూ ముందే తెలుసుకుని వస్తారు. గాలి సంగతి ఎత్తితే మాత్రం "ఒక ఫ్యాన్ పెడితే సరిపోతది కదా అక్కా" అంటారు. పంట ఎక్కువగా దెబ్బతినేది అక్కడే.

మొదటి వానాకాలం నేనూ అలాగే పోగొట్టుకున్నాను. పొద్దున తలుపు తీయగానే ముక్కిపోయిన వాసన. ముల్లంగి ట్రేల్లో కాడల మధ్య సాలెగూడులా తెల్లటి బూజు. గోడంతా చెమ్మ, ట్యూబ్‌లైట్ అంచున వేలాడుతున్న నీటి బొట్టు. పైన సీలింగ్ ఫ్యాన్ రాత్రంతా తిరుగుతూనే ఉంది.

అపోహ: లోపల ఫ్యాన్ తిరుగుతుంటే గాలి ఆడుతున్నట్టే

గాలి తిరగడం వేరు, గాలి మారడం వేరు. లోపలి ఫ్యాన్ ఆకుల చుట్టూ నిలిచిన తేమను చెదరగొడుతుంది. అది కావలసిందే, ఆకులు సన్నగా ఊగుతూ ఉండాలి. కానీ చెదిరిన తేమ గది దాటి ఎక్కడికీ పోదు.

నీళ్ల లెక్క చూడండి. మా గదిలో పట్టేది 28 ఘనపు మీటర్ల గాలి. 25 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి 23 గ్రాముల నీటి ఆవిరిని మాత్రమే పట్టుకోగలదు. గది మొత్తానికి కలిపితే 650 గ్రాములు, ముప్పావు లీటరు కూడా కాదు. నేను రోజూ పోసేది ఐదారు లీటర్లు. అందులో చాలా భాగం ఆకుల నుంచి, ట్రేల పైనుంచి ఆవిరై గాలిలోకే వస్తుంది. దాన్ని బయటకు పంపే దారి లేకపోతే గోడ మీదికో, ఆకు మీదికో దిగక తప్పదు. ఈ లెక్క అర్థమయ్యాక సీలింగ్ ఫ్యాన్ తీసేశాను. ర్యాక్‌ల పక్కన రెండు చిన్న ఫ్యాన్లు, గోడకు పైభాగాన లోపలి గాలిని బయటకు తోసే ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒకటి పెట్టాను.

అలాగని తెల్లగా కనిపించేదంతా బూజు కాదు. మొలకెత్తిన మూడో రోజు ముల్లంగి, ఆవాల వేర్ల చుట్టూ తెల్లటి నూగు వస్తుంది. అది వేరు నూగు. స్ప్రేతో నీళ్లు కొడితే వేరుకు అంటుకుపోయి కనిపించకుండా పోతుంది. బూజు అలా పోదు, కాడ నుంచి కాడకు పాకుతుంది, వాసన వస్తుంది. తేడా తెలియక మంచి ట్రేలు పారబోసినవాళ్లను చూశాను, ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: ఎల్‌ఈడీ లైట్లకు వేడి రాదు

చేత్తో పట్టుకుంటే పాత బల్బంత కాలదు, నిజమే. అయితే గది లోపలికి వచ్చిన కరెంటు చివరికి దాదాపు అంతా వేడిగానే మారుతుంది. వెలుతురు కూడా ఆకు మీదో గోడ మీదో పడి వేడే అవుతుంది. 20 వాట్ల ట్యూబులు 30 పెట్టారంటే, 600 వాట్ల హీటర్ వేసి తలుపు మూసినట్టే.

నేను వాడే లెక్క ఇది: మొత్తం వాట్లను 3తో గుణించాలి, గది బయటకంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువున్నా పర్వాలేదు అనుకుంటున్నామో ఆ అంకెతో భాగించాలి. గంటకు ఎన్ని ఘనపు మీటర్ల గాలి మారాలో వస్తుంది. 600 వాట్లు, 3 డిగ్రీలు అనుకుంటే గంటకు 600 ఘనపు మీటర్లు. అంటే మా గది గాలి సుమారు మూడు నిమిషాలకోసారి పూర్తిగా మారాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ డబ్బా మీద ఎయిర్ డెలివరీ అని ఈ అంకే ఉంటుంది. సీఎఫ్‌ఎంలో (నిమిషానికి ఇన్ని ఘనపు అడుగులని) ఉంటే 1.7తో గుణించండి. డబ్బా మీది అంకె ఏ అడ్డూ లేనప్పటిది. దోమతెర, షట్టర్, పైపు వంపులు కలిస్తే తగ్గుతుంది కాబట్టి లెక్కకు ఒకటిన్నర రెట్లు ఉన్న ఫ్యానే తెస్తాను. పొడుగాటి పైపు తప్పనిసరైతే మామూలు ఎగ్జాస్ట్ పనికిరాదు, ఆ ఒత్తిడిని తట్టుకునే ఇన్‌లైన్ ఫ్యాన్ (పైపు మధ్యలోనే బిగించేది) కావాలి.

అపోహ: ఎగ్జాస్ట్ ఎంత పెద్దదైతే గది అంత చల్లన

బయటి గాలి ఎంత వేడిగా ఉంటే లోపలికి వచ్చేదీ అంతే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మధ్యాహ్నం వరంగల్‌లో 43 డిగ్రీలున్నప్పుడు ఎన్ని ఫ్యాన్లు పెట్టినా లెట్యూస్ నిలవదు. అప్పుడు కూలర్ పనిచేస్తుంది, ఎందుకంటే మన మే నెల గాలి పొడిగా ఉంటుంది. ప్యాడ్లు బాగుంటే కూలర్ నుంచి వచ్చే గాలి 30 దరిదాపుల్లో ఉంటుంది. అయితే కూలర్‌ను కిటికీ బయట పెట్టి బయటి గాలినే లాగనివ్వాలి, ఎదురు గోడ ఎగ్జాస్ట్ నడుస్తూ ఉండాలి. గది మధ్యలో పెట్టి తలుపేస్తే గంటలో ఉక్కపోత మొదలవుతుంది. వానలు పడ్డాక బయటి గాలిలోనే 80, 90 శాతం తేమ ఉంటుంది. అప్పుడు కూలర్ తీసి పక్కన పెట్టడమే మంచిది.

ఖర్చు లేని ఉపాయం ఒకటి, నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది: లైట్లను పగలు కాకుండా రాత్రి వేయడం. సాయంత్రం ఆరుకు వేసి పొద్దున పదికి ఆర్పుతాను. ఎండాకాలంలో స్లాబు కాగే వేళకు లైట్ల వేడి దానికి తోడవదు. వానాకాలంలో చల్లబడి చెమ్మ దిగే అర్ధరాత్రి ఆ లైట్ల వేడే గదిని పొడిగా ఉంచుతుంది. మొక్కకు కావలసింది ఇన్ని గంటల వెలుతురు, ఇన్ని గంటల చీకటి. బయట సూర్యుడు ఎక్కడున్నాడన్నది దానికి పట్టదు.

అపోహ: లైట్లు ఆర్పితే ఫ్యానూ ఆపేయొచ్చు

కరెంటు బిల్లుకు భయపడి చాలామంది చేసే పని ఇది. 30 డిగ్రీల దగ్గర 70 శాతం తేమ ఉన్న గాలిని 24 డిగ్రీలకు చల్లబరిస్తే తేమ దాదాపు నూటికి చేరుతుంది, ఒక్క చుక్క నీరు పోయకుండానే. నారు కుళ్లు, బూజు ఊపందుకునేది ఆ గంటల్లోనే. అందుకే లైట్లు ఆరిన మొదటి రెండు గంటలు నా ఎగ్జాస్ట్ ఆగదు. తర్వాత టైమర్ మీద గంటకు పది నిమిషాలు నడుస్తుంది. నీళ్లు లైట్లు వేసే ముందు పోస్తాను, ఆర్పే ముందు ఎప్పుడూ పోయను. డిసెంబరు, జనవరి నెలల్లో ఈ పది నిమిషాలను ఐదుకు తగ్గిస్తాను, చలిగాలి నేరుగా ట్రేల మీద పడకుండా అడ్డు కూడా పెడతాను. ఆదిలాబాద్ వైపువాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

అపోహ: ఏసీ ఉంటే వేరే గాలి అక్కర్లేదు

స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే చల్లబరిచి తిరిగి వదులుతుంది. కొంత తేమ లాగేస్తుంది, అది మేలే. కానీ మా గది గాలి మొత్తంలో ఉండే కార్బన్ డయాక్సైడ్ 20 గ్రాముల చిల్లర. లైట్ల కింద ఎదిగిన లెట్యూస్ నిండుగా ఉంటే అది తొందరగానే పలచబడుతుంది, ఎదుగుదల మందగిస్తుంది. రోజూ కొంతైనా బయటి గాలి రావాలి.

అపోహ: గాలి బయటకు తోస్తే చాలు, లోపలికి దానంతటదే వస్తుంది

తలుపు సందులోంచి వస్తుంది, దుమ్ముతో, పురుగులతో. నర్సంపేట దగ్గర ఒక తమ్ముడి గదిలో ఎగ్జాస్ట్ వేస్తే తలుపు తెరవడానికి బలం పెట్టాల్సి వచ్చేది. ఫ్యాన్ అరుస్తోంది, గాలి మాత్రం కదలడం లేదు. ఫ్యాన్ రంధ్రానికి కనీసం రెండింతల దారి లోపలికి ఉండాలి. అది ఎదురు గోడకు, నేలకు దగ్గరగా ఉండాలి. పక్కపక్కనే పెడితే వచ్చిన గాలి మొక్కలను తాకకుండా అలాగే పోతుంది.

ఆ దారికి నెట్ తప్పనిసరి. 2021-22లో మన మిరప తోటలను నల్ల తామర పురుగు ఎలా ముంచిందో చూశాం. చుట్టూ మిరప, పత్తి చేలున్న ఊళ్లలో తెరిచిన కిటికీ అంటే పురుగులకు పిలుపే. 40 మెష్ (అంగుళానికి 40 కన్నాలున్న) నెట్ తెల్లదోమను చాలావరకు ఆపుతుంది. తామర పురుగు అంతకంటే సన్నం, దానికి ఇంకా సన్నటి నెట్ కావాలి. నెట్ ఎంత సన్నమైతే గాలి అంత తగ్గుతుంది. అందుకే నెట్‌ను కిటికీకి బిగించి కొట్టకుండా, బయటకు పొడుచుకొచ్చే పంజరంలా ఫ్రేమ్ కట్టి తొడిగిస్తాను. నెట్ వైశాల్యం మూడు నాలుగింతలు అవుతుంది, గాలి హాయిగా వస్తుంది. పత్తి సీజన్లో జిన్నింగ్ మిల్లుల దగ్గరుంటే నూగు పట్టి నెట్ మూసుకుపోతుంది. పదిహేను రోజులకోసారి మెత్తటి బ్రష్‌తో కడగాలి.

అపోహ: పుట్టగొడుగుల గదికీ ఇదే లెక్క

కాదు. పుట్టగొడుగులు మనలాగే కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. గాలి మారకపోతే కాడ సాగి, గొడుగు చిన్నదవుతుంది. వాటికి మారే గాలీ కావాలి, 80 శాతానికి పైగా తేమా కావాలి. మొక్కలతో కలిపి ఒకే గదిలో పెట్టొద్దు.

అంతా అమర్చాక నేను చేసే చివరి పని ఒక అగర్‌బత్తి వెలిగించడం. నెట్ దగ్గర పట్టుకుంటే పొగ లోపలికి వంగాలి. ఎగ్జాస్ట్ కింద పట్టుకుంటే పైకి లాగేయాలి. ఆ తర్వాత ప్రతి ర్యాక్ కింది అర దగ్గర, మూలల్లో పట్టుకుని చూస్తాను. పొగ కదలకుండా నిట్టనిలువుగా లేస్తోందంటే అక్కడ గాలి ఆగిపోయినట్టే. ఆ అర మీది ట్రేను తీసి కాస్త జరిపి, చిన్న ఫ్యాన్ ముఖం అటు తిప్పి, మళ్లీ అగర్‌బత్తి పడతాను.