44 పళ్ళు, 19 పళ్ళు

మా నాన్న పోర్టు డ్యూటీకి తొక్కిన సైకిల్ చాలా ఏళ్లు మా మెట్ల కింద దుమ్ము కొట్టుకుపోయి ఉంది. నల్ల ఫ్రేము, 28 అంగుళాల చక్రాలు, రాడ్ బ్రేకులు, బరువులు మోసి మోసి ఒక పక్కకి వంగిన క్యారేజీ. పోయినేడు దాన్ని బయటికి లాగి ఫిక్స్‌డ్ గేర్ సైకిల్‌గా మార్చాను. ఇదేదో విదేశీ ఫ్యాషన్ అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ పాలవాళ్లు, పేపరువాళ్లు, ఫ్యాక్టరీలకి వెళ్లేవాళ్లు మన దగ్గర తొక్కిన సైకిళ్లన్నీ సింగిల్ స్పీడే కదా. ముందు ఒక పళ్ళచక్రం, వెనక ఒకటి, మధ్యలో చైను. అందులోంచి ఇంకొక్క వస్తువు తీసేస్తే ఫిక్స్‌డ్ గేర్. ఆ వస్తువు ఫ్రీవీల్.

ఫ్రీవీల్ ఎప్పుడైనా విప్పి చూశారా? నేను పేపరు పరుచుకుని విప్పాను, లోపల ఆవగింజల్లాంటి బాల్స్ చాలా ఉంటాయి, నేలమీద దొర్లాయంటే ఇక దొరకవు. లోపలి రింగుకి రెండు చిన్న ఇనుప నాలుకలు, వాటిని పైకి తోసే సన్నటి స్ప్రింగు. బయటి రింగు లోపలి అంచుకి రంపంలాంటి పళ్ళు. ముందుకి తొక్కితే నాలుకలు ఆ పళ్ళలో ఇరుక్కుని చక్రాన్ని లాగుతాయి, తొక్కడం ఆపితే పళ్ళ మీంచి జారిపోతుంటాయి. దిగుడులో వినిపించే కిటకిట అదే. ఆ ఫ్రీవీల్ తీసేసి పళ్ళచక్రాన్ని నేరుగా చక్రానికే బిగించారనుకోండి, పెడల్, చైను, చక్రం మూడూ ఒకే వస్తువైపోతాయి. చక్రం తిరిగినంతసేపూ కాళ్లు తిరగాల్సిందే, కాళ్లు బిగబడితే చక్రం నెమ్మదిస్తుంది, వెనక్కి తొక్కితే సైకిల్ వెనక్కి పోతుంది.

ఇలాంటి సైకిల్ కట్టాలంటే అందరూ ముందు రంగు గురించి, హ్యాండిల్ గురించి అడుగుతారు. అవి తర్వాత చూసుకోవచ్చు. గేర్లున్న సైకిల్‌లో ఒక గేరు కుదరకపోతే ఇంకోటి ఉంటుంది, దీనికి ఉన్నది ఒక్కటే. నా ఉద్దేశంలో ఈ సైకిల్ కట్టడమంటే రెండు అంకెలు ఎంచుకోవడమే: ముందు ఎన్ని పళ్ళు, వెనక ఎన్ని పళ్ళు.

మా సైకిల్ చైన్‌వీల్‌కి, అంటే ముందు పళ్ళచక్రానికి, సుద్దముక్కతో గుర్తుపెట్టి లెక్కపెడితే 44 పళ్ళు, ఫ్రీవీల్‌కి 18. భాగిస్తే 2.44, అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత 2.23 మీటర్లు, కాబట్టి ఒక్క చుట్టుకి సైకిల్ సుమారు 5.45 మీటర్లు ముందుకి పోతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకి 20 కిలోమీటర్లకి కాస్త తక్కువ. బీచ్ రోడ్డు మీద, గాలి ఎదురు కొట్టనంతవరకు, ఇది హాయిగా ఉండే లెక్క. పోల్చుకోవాలంటే, 1972లో మెక్సికో సిటీలో బెల్జియం రేసర్ ఎడ్డీ మెర్క్స్ ఫిక్స్‌డ్ గేర్ మీద గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి రికార్డు పెట్టినప్పుడు ఆయన సైకిల్‌కి ముందు 52, వెనక 14. చుట్టుకి దాదాపు 7.9 మీటర్లు. అంత పెద్ద గేరుని గంటసేపు నిమిషానికి సుమారు 104 చుట్ల చొప్పున, ఒక్క క్షణం కూడా కాళ్లు ఆపకుండా తిప్పాడు.

కానీ నేనుండేది విశాఖపట్నంలో. బీచ్ రోడ్డు నుంచి ఊళ్లోకి ఎటు తిరిగినా ఎక్కుడే. 5 శాతం ఎక్కుడు తీసుకుందాం, అంటే 100 మీటర్లు ముందుకెళ్తే 5 మీటర్లు పైకి. నేనూ సైకిలూ కలిపి 90 కిలోలు. ఆ వాలు మమ్మల్ని వెనక్కి లాగే బలం అందులో 5 శాతం, నాలుగున్నర కిలోల బరువంత. వినడానికి ఇదేం పెద్ద బరువు కాదు. అయితే పెడల్‌ని పట్టుకుని తిరిగే కడ్డీ, అంటే క్రాంకు, పొడవు 17 సెంటీమీటర్లు కాబట్టి పెడల్ ఒక చుట్టులో నా పాదం నడిచే దూరం 1.07 మీటర్లే, అదే చుట్టులో సైకిల్ వెళ్లేది 5.45 మీటర్లు. పాదం కంటే సైకిల్ అయిదు రెట్లు ఎక్కువ దూరం పోతోంది కాబట్టి పాదం పెట్టాల్సిన బలం కూడా అన్ని రెట్లు, సగటున 23 కిలోలు. గాలి, రాపిడి ఇందులో కలపలేదు. పైగా ఇది సగటు మాత్రమే, పెడల్ పైనా కిందా ఉన్నప్పుడు కాలు పెద్దగా తొయ్యలేదు కాబట్టి క్రాంకు అడ్డంగా ఉన్న క్షణంలో అంతకన్నా చాలా ఎక్కువే పడుతుంది. వెనక 22 పళ్ళు పెడితే ఆ 23 కాస్తా 19కి దిగుతుంది. మోకాళ్లకి ఆ తేడా బాగా తెలుస్తుంది. అందుకే మొదట 22 తీసుకుందామనే అనుకున్నాను.

22 వద్దనుకోవడానికి కారణం టైరు. చిన్నప్పుడు లెక్కల్లో గ.సా.భా. చేశాం గుర్తుందా, గరిష్ఠ సామాన్య భాజకం, అది ఇక్కడ పనికొస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. ఫిక్స్‌డ్ గేర్ మీద వేగం తగ్గించాలంటే కాళ్లతో వెనక్కి బలం పెడతాం, గట్టిగా పెడితే చక్రం ఆగిపోయి టైరు రోడ్డుని గీసుకుంటూ జారుతుంది. ఎవరికైనా బలం వచ్చే భంగిమ ఒకటే ఉంటుంది, క్రాంకులు రెండూ అడ్డంగా, అలవాటైన కాలు ముందు. అంటే ఎప్పుడు జారినా పెడల్ అదే స్థానంలో ఉంటుంది. 44కి 22 అయితే పెడల్ ఒక చుట్టుకి చక్రం సరిగ్గా రెండు చుట్లు, చుక్క తేడా ఉండదు. కాబట్టి టైరులో ప్రతిసారీ అదే జానెడు ముక్క అరుగుతుంది. మిగతా టైరు కొత్తదిలా ఉండగానే ఆ ఒక్కచోట లోపలి దారాలు బయటపడతాయి.

అదే 44కి 20 అనుకోండి. గ.సా.భా. 4, దాంతో రెండింటినీ భాగిస్తే 11కి 5. ఆ కింద మిగిలిన 5 ఉంది చూశారా, టైరు 5 చోట్ల అరుగుతుందన్నమాట. 44కి 19 అయితే భాగించడానికి ఏమీ లేదు, 19 ప్రధాన సంఖ్య. అరుగుడు టైరు చుట్టూ 19 చోట్లకి సర్దుకుంటుంది, ఒకదానికొకటి ఆనుకునేంత దగ్గరగా. ట్యూబు మార్చేటప్పుడు వెనక చక్రాన్ని నాలుగు పళ్ళు జరిపి బిగిస్తే అరిగే చోటు మారుతుంది, అదీ ఒక పద్ధతే, కానీ ప్రధాన సంఖ్య ఉంటే ఆ పని కూడా అక్కర్లేదు. ఎక్కుడులో 22 కిలోలు తొక్కడానికి ఒప్పుకుని 19 తీసుకున్నాను.

అంకెలు తేలాక హబ్బు, అంటే చక్రం మధ్యలో పుల్లలన్నీ వచ్చి కలిసే భాగం. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి, ఎందుకంటే ఇది చాలామంది చేస్తారు. ఫ్రీవీల్ బిగించే మర, ఫిక్స్‌డ్ గేర్ పళ్ళచక్రం బిగించే మర ఒకటే, 1.37 అంగుళాల వ్యాసం, అంగుళానికి 24 మరలు. కాబట్టి పాత హబ్బు మీదికి కొత్త పళ్ళచక్రం చక్కగా ఎక్కేస్తుంది. ఎక్కింది కదా అని గట్టిగా బిగించి రోడ్డు మీదికి వెళ్లాను. పాండురంగాపురం డౌన్‌లో వేగం తగ్గించడానికి కాళ్లతో వెనక్కి నొక్కగానే పళ్ళచక్రం మర విప్పుకుంది, పెడళ్లు గాల్లో తిరుగుతున్నాయి, సైకిల్ మాత్రం కిందికి పోతూనే ఉంది. ముందు రాడ్ బ్రేకు పీకేయకుండా ఉంచడం వల్ల ఆగగలిగాను.

ముందుకి తొక్కే బలం పళ్ళచక్రాన్ని బిగిస్తుంది, వెనక్కి నొక్కే బలం విప్పుతుంది. అందుకే అసలైన ఫిక్స్‌డ్ హబ్బు మీద రెండో మర ఉంటుంది, కాస్త చిన్నది, 1.29 అంగుళాలు, అదీ ఎడమ మర. ప్రతి సైకిల్‌కీ ఎడమ పెడల్ ఉల్టా తిప్పి బిగిస్తాం చూడండి, అలాంటిది. ఆ మర మీద ఒక లాక్‌రింగు వస్తుంది. పళ్ళచక్రం విప్పుకునే దిశలో కదలబోతే ఆనుకుని ఉన్న రింగుని కూడా అదే దిశలో తిప్పబోతుంది, రింగుకి అది బిగుసుకునే దిశ. విడిపోవాలని చూసే బలంతోనే దాన్ని కట్టిపడేశారు. అరచేతిలో పట్టే ఆ రింగు కోసం నెల రోజులు తిరిగాను.

హబ్బు దొరికాక ఇంకో చిక్కు. మన పాత సైకిళ్లకి వెనక రిమ్ముకి 40 చిల్లులు, ముందు రిమ్ముకి 32. కొత్త హబ్బుకి 32. మా వీధి చివర సైకిల్ షాపు బాబాయ్ చూసి, "దీనికి వెనక రిమ్ము ఎందుకు బాబూ, ఇంకో ముందు రిమ్ము తెచ్చుకో" అన్నాడు. ఎంత తేలికైన మాట! రిమ్ము అదే, సైజు అదే, చిల్లులే వేరు. పుల్లలు ఆయన దగ్గర కూర్చుని నేనే అల్లాను, ఒక్కో పుల్ల మూడు పుల్లల్ని దాటుకుంటూ వెళ్లేలా, ఎందుకంటే ఈ చక్రానికి మెలిపెట్టే బలం ముందుకీ వెనక్కీ రెండు దిక్కుల నుంచీ వస్తుంది. బెండు తీశాక ఆయన పుల్లల్ని ఒక్కొక్కటే గోటితో మీటుతూ చెవి పెట్టి విన్నాడు. బిగుతు సమానంగా ఉంటే మోత సమానంగా ఉంటుంది. ఏడో పుల్ల దగ్గర ఆగి పావు చుట్టు బిగించమన్నాడు, బిగించాక నాకూ తేడా వినిపించింది.

చైను బిగుతు విషయంలో తొందరపడకండి. ఫిక్స్‌డ్ గేర్‌లో చైను ఊడిందంటే అది చక్రంలో చిక్కుకుని ఉన్నపళంగా బిగిసిపోవచ్చు. అలాగని వీణ తీగలా లాగి కట్టినా బేరింగులు పాడవుతాయి. చైన్‌వీల్ పూర్తి గుండ్రంగా ఉండదు కాబట్టి నెమ్మదిగా తిప్పుతూ చైను అన్నిటికంటే బిగుసుకునే చోటు పట్టుకోవాలి, అక్కడ మధ్యలో అర అంగుళం ఆడితే సరిపోతుంది. ఇంత తిన్నటి చైను వల్ల శక్తి తెగ మిగులుతుందని సింగిల్ స్పీడ్ అభిమానులు చెప్పేదాంట్లో కొంత అతి ఉంది. 1999లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో జేమ్స్ స్పైసర్ బృందం ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో చైను వేడిని చూస్తూ కొలిస్తే, మామూలు గేర్ల చైనే 98.6 శాతం దాకా శక్తిని చక్రానికి అందించింది. పెద్ద పళ్ళచక్రాలు, చైనుకి మంచి లాగుడు ఉంటే ఇంకా మెరుగని కూడా తేలింది. మిగిలేది ఒకటో రెండో శాతం. నేను ఈ సైకిల్‌ని ఇష్టపడేది దానికోసం కాదు, రోడ్డు వాలు ఎంత మారినా ఆ మార్పు వెంటనే నా పాదాలకి తెలుస్తుంది, అందుకు.

బ్రేకులు మాత్రం తియ్యకండి. వెలోడ్రోమ్‌లో, అంటే సైకిల్ రేసుల ట్రాక్ మీద, సైకిళ్లకి బ్రేకులు ఉండవు, అక్కడ అందరూ ఒకే దిక్కుకి వెళ్తారు, ఎవరూ హఠాత్తుగా ఆగలేరు, అదే వాళ్లకి రక్షణ. మన రోడ్డు మీద ఆటో ఎటు తిరుగుతుందో తెలీదు. వేగం తగ్గుతుంటే బరువంతా ముందు చక్రం మీదికి వాలుతుంది, వెనక చక్రం తేలికైపోయి జారుతుంది, కాబట్టి కాళ్లు ఎంత బలమైనవైనా వెనక చక్రం ఒక్కదానితో ఆగడం, ముందు బ్రేకుతో ఆగడంలో సగం కూడా కాదు.

నా హబ్బుకి రెండు వైపులా మర ఉంది. టూర్ డి ఫ్రాన్స్ అనే పెద్ద సైకిల్ రేసులో 1937 దాకా గేర్లు మార్చే పరికరాన్ని ఒప్పుకోలేదు, అందుకని అప్పటి రేసర్లు కొండ కింద దిగి, వెనక చక్రం విప్పి, తిరగేసి, ఎక్కువ పళ్ళున్న వైపు చైను వేసుకుని ఎక్కేవాళ్లు. నేను ఒక వైపు 19 ఉంచి, రెండో వైపు 20 పళ్ళ ఫ్రీవీల్ బిగించాను. వెనక ఒక పన్ను పెరిగితే యాక్సిల్ గాడిలో 3 మిల్లీమీటర్లు ముందుకి జరిగితే చాలు, చైను ముట్టుకోనక్కర్లేదు.

అది నాన్న కోసం. మొదటిరోజు ఆయన ఫిక్స్‌డ్ వైపే ఎక్కి, నాలుగు చుట్లు తొక్కి అలవాటుగా కాళ్లు ఆపబోతే పెడల్ ఆయన మోకాలిని పైకి లేపేసింది. జాగ్రత్తగా దిగి, "ఇది నాకొద్దురా, ఆ చప్పుడు లేకపోతే నా సైకిల్‌లా లేదు" అన్నారు. ఆదివారం ఆయన రైతుబజారుకి వెళ్తారు కాబట్టి శనివారం రాత్రి 15 నంబరు రెంచితో రెండు నట్లు విప్పి చక్రం తిరగేసి పెడతాను, అయిదు నిమిషాల పని. పొద్దున్నే ఆయన వీధి చివర మలుపు తిరిగేదాకా లోపలికి ఆ కిటకిట వినిపిస్తుంది.