మోకు విప్పకముందే: చిన్న మోటారు బోట్ల మీద అపోహలు - వాస్తవాలు

రాజమండ్రి నుంచి అంతర్వేది దాకా గోదావరి పాయల మీద తిరిగే చిన్న మోటారు బోట్ల ఇంజన్లు బాగుచేయడం నా పని. అవసరమైతే బోటు కూడా నడుపుతాను. పందొమ్మిదేళ్లుగా ఇదే వృత్తి. రిసార్టుల స్పీడ్‌బోట్లు, లంకల్లో తోటలున్నవాళ్లు కొనుక్కున్న పదహారు అడుగుల ఫైబర్ బోట్లు, వారాంతం సరదాకి తెచ్చుకున్నవి నా షెడ్డుకి వస్తుంటాయి. వాటితో పాటు వాటి యజమానుల నమ్మకాలు కూడా వస్తాయి. ఇంజన్ ఒక పూటలో బాగవుతుంది, నమ్మకం మారడానికి ఏళ్లు పడుతుంది.

నా కళ్లతో చూసిన ప్రమాదాల్లో, వెంట్రుకవాసిలో తప్పిపోయినవాటిలో ఎక్కువ భాగం మోకు విప్పకముందే మొదలయ్యాయి. బిగించని ప్లగ్గు, తగిలించుకోని తాడు, సమయానికి మార్చని రబ్బరు ముక్క. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: నాకు ఈత బాగా వచ్చు, లైఫ్ జాకెట్ అక్కర్లేదు.

ఈత వచ్చినవాడు చెరువులోకి దూకినట్టు బోటులోంచి దూకడు. జారి పడతాడు. పడేటప్పుడు తల బోటు అంచుకి తగలొచ్చు. ఒంటి మీద జీన్స్ ప్యాంటు, కాళ్లకి బూట్లు ఉంటాయి. ఊపిరి తీసుకునే లోపే నీళ్లు మింగేస్తాడు. అమెరికా కోస్ట్ గార్డ్ ఏటా బోటు ప్రమాదాల లెక్కలు తీస్తుంది. మునిగి చనిపోయినవాళ్లలో పదికి ఎనిమిది మందికి పైగా జాకెట్ వేసుకోనివాళ్లేనని ఆ లెక్కలు ఏళ్లుగా చెబుతున్నాయి.

జాకెట్ ఉంటే సరిపోదు, అది మనకి సరిపోవాలి. వేసుకుని బకిల్స్ అన్నీ బిగించాక, పక్కవాళ్లని భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. జాకెట్ గడ్డం దాటి చెవుల దాకా వస్తే అది మీ సైజు కాదు. పిల్లలకి పెద్దవాళ్ల జాకెట్ తొడిగి "బిగించి కట్టాంలెండి" అనేవాళ్లు ఉంటారు. నీళ్లలో పడగానే బిడ్డ కిందకి జారిపోతుంది, జాకెట్ ఒక్కటే పైన తేలుతుంది. పిల్లల జాకెట్‌కి కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉండాలి, దాన్ని తప్పకుండా పెట్టాలి.

ఇంకోటి. జాకెట్లని సీటు మీద మెత్తగా వేసుకుని కూర్చుంటారు. లోపలి ఫోమ్‌లో ఉన్న చిన్న చిన్న గాలి గదులే మనిషిని తేలుస్తాయి. రోజూ మనుషుల బరువు పడితే అవి అణిగిపోతాయి. ఫోమ్‌ని వేళ్లతో నొక్కి వదలండి. గట్టిగా అట్టలా తగిలినా, నొక్కిన గుంట అలాగే ఉండిపోయినా ఆ జాకెట్ మార్చాల్సిందే.

జాకెట్ వేసుకున్నాక మూసి ఉన్న క్యాబిన్‌లో కూర్చోకండి. బోటు తిరగబడి నీళ్లు నిండితే ఫోమ్ మిమ్మల్ని పైకప్పుకి నొక్కిపెడుతుంది, కిందకి మునిగి తలుపు దాకా రానివ్వదు. 2018 మే నెలలో గోదావరిలో మంటూరు దగ్గర గాలివానలో లాంచీ మునిగింది. వాన జల్లు కొడుతోందని తలుపులు, కిటికీలు మూసేయడంతో లోపలున్న చాలామంది బయటికి రాలేకపోయారు. ఎండలో కాలినా, వానలో తడిసినా బయట డెక్కు మీదే ఉండండి.

అపోహ: ఆ ఎర్ర తాడు ఇంజన్ స్టార్ట్ చేయడానికి మాత్రమే.

స్విచ్చి దగ్గర చుట్టలు చుట్టుకుని ఉండే ఎర్ర తాడుని మేం కిల్ కార్డ్ అంటాం. ఒక కొస స్విచ్చికి, రెండో కొస నడిపేవాడి నడుముకో తొడకో జాకెట్‌కో ఉండాలి. నడిపేవాడు పడిపోతే క్లిప్పు ఊడుతుంది, ఇంజన్ ఆగిపోతుంది. చాలా బోట్లలో ఆ క్లిప్పు స్విచ్చికే ఉంటుంది, తాడు గాలికి వేలాడుతుంటుంది.

ఒకసారి ఒక రిసార్టు రేవులో నేను ఒడ్డున ఉండగానే ఇది జరిగింది. కుర్రాడు నిలబడి నడుపుతున్నాడు. వేరే బోటు రేపిన అలకి ఎగిరి నీళ్లలో పడ్డాడు. ఊడిపోతోందని ఎవరో ఆ క్లిప్పుని బైండింగ్ వైరుతో కట్టేశారు. మనిషి లేని బోటు ముందుకి పోలేదు. స్టీరింగ్ వదిలేస్తే ప్రొపెల్లర్ తిరిగే బలానికి ఇంజన్ ఒక పక్కకి తిరిగిపోతుంది, బోటు గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. అంటే పడిన మనిషి దగ్గరికే మళ్లీ మళ్లీ వస్తుంది. ఆ కుర్రాడు మూడుసార్లు మునిగి తప్పించుకున్నాడు. నాలుగోసారి మా ట్యూబు అందుకున్నాడు. ఆ బోటు పెట్రోలు అయిపోయేదాకా తిరిగింది. దాని దగ్గరికి వెళ్లే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

26 అడుగుల లోపు బోట్లకి ఈ తాడో, అదే పని చేసే వేరే పరికరమో వాడి తీరాలని అమెరికాలో 2021 ఏప్రిల్ 1 నుంచి చట్టమే ఉంది. మనం చట్టం కోసం ఆగక్కర్లేదు, ఆ తాడు ప్రతి ఇంజన్‌తో పాటే వస్తుంది. రెండో తాడు కూడా బోటులో ఉంచండి. మొదటిది నడిపేవాడితో పాటు నీళ్లలోకి పోతే, మిగిలినవాళ్లు ఇంజన్ స్టార్ట్ చేసి అతన్ని తెచ్చుకోవాలి కదా.

అపోహ: న్యూట్రల్‌లో పెడితే ప్రొపెల్లర్‌తో ప్రమాదం లేదు.

నీళ్లలో మనిషి ఉంటే ఇంజన్ ఆపేయండి. న్యూట్రల్ చాలదు. ఎవరి మోచెయ్యో లివర్‌కి తగిలితే చాలు.

అపోహ: బోటు తేలుతూనే ఉంది, ఇంకో ఇద్దరు ఎక్కొచ్చు.

తేలడం ఒక లెక్క, నిలకడగా తేలడం ఇంకో లెక్క. ఇంట్లో ఒక వెడల్పాటి పళ్లెంలో కొంచెం నీళ్లు పోసి పట్టుకుని నడవండి. పళ్లెం ఏ పక్కకి కొంచెం ఒరిగినా నీళ్లన్నీ ఆ పక్కకే పరుగెడతాయి, చెయ్యి ఇంకా అటే వంగుతుంది. బోటు అడుగున చేరిన నీళ్లు చేసే పని అదే. పైన మనుషులు ఎక్కువై, ఫోటో కోసం అందరూ ఒక పక్కకి వస్తే ఇంక ఆ బోటుని సరిచేయడం ఎవరి చేతుల్లోనూ ఉండదు. నిలబడితే ఇంకా ప్రమాదం, బరువంతా పైకి చేరుతుంది.

2017 నవంబర్ 12, కార్తీక మాసం ఆదివారం, కృష్ణా నదిలో పవిత్ర సంగమం దగ్గర బోటు తిరగబడి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఒంగోలు నుంచి వచ్చినవాళ్లు. ఆ వార్త విన్న రోజు నుంచి నేను నడిపే బోటులో లెక్క దాటి ఒక్క మనిషిని ఎక్కించుకోను. బతిమాలినా, కోప్పడినా, "చిన్నపిల్లాడే కదండీ" అన్నా ఎక్కించుకోను. బోటు లోపల రాసి ఉన్న సంఖ్య ప్రశాంతమైన నీటికి వేసిన లెక్క. గాలి ఉన్న రోజు అంతకంటే తగ్గించాలి.

తిరగబడితే ఒడ్డు దగ్గరగానే ఉందని ఈదుకుంటూ బయల్దేరకండి. నీటి మీద దూరం కళ్లని మోసం చేస్తుంది. ఫైబర్ బోట్లు చాలావరకు తిరగబడినా తేలతాయి. దాన్నే పట్టుకుని ఉండండి. వెతికేవాళ్లకి మీ తలకాయ కంటే బోటు త్వరగా కనిపిస్తుంది.

అపోహ: నది ప్రశాంతంగా కనిపిస్తోంది, భయం లేదు.

2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది. గోదావరి వరద మీదున్న రోజులు. చనిపోయినవాళ్లు యాభైకి చేరువలో. కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం ఆ బోటుని బయటికి లాగేసరికి అక్టోబర్ 22 అయింది. పాపికొండల దగ్గర నది కొండల మధ్య ఇరుకవుతుంది, నీళ్లన్నీ ఆ సందులోంచే పోవాలి. పైకి నున్నగా కనిపించే నీటి కింద సుడులుంటాయి. సుడిలో నీళ్లకి గాలి కలుస్తుంది, ప్రొపెల్లర్‌కి పట్టు దొరకదు. ఇంజన్ అరుస్తుంది, బోటు కదలదు. అప్పుడు ఎంత గట్టిగా రేజ్ చేసినా లాభం లేదు. వరద నీటిలో పాత సరంగులే వెళ్లరు. మనం సరదాకి వెళ్లకూడదు.

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మూడు దాటాక వాయవ్యంలో మబ్బు నల్లబడితే వెనక్కి తిరగండి. ఈదురుగాలి చెప్పి రాదంటారు గానీ, చూసేవాళ్లకి అరగంట ముందే చెబుతుంది.

అపోహ: మంచినీటిలో తిరిగే ఇంజన్‌కి సర్వీసు పెద్దగా అక్కర్లేదు.

ఇక్కడ కాస్త వివరంగా చెప్పనివ్వండి, నా అన్నం ఇదే.

మొదట, అది మంచినీరు అనుకోవడమే పొరపాటు. ఎండాకాలంలో ధవళేశ్వరం దిగువకి నీళ్లు తగ్గితే సముద్రపు పోటు పాయల్లోకి చాలా దూరం ఎక్కి వస్తుంది. దిండి దగ్గర నీళ్లు నోట్లో పోసుకుంటే తెలుస్తుంది. ఉప్పు నీటిలో తిరిగిన ప్రతిసారీ, ఒడ్డుకి రాగానే కుళాయి గొట్టం తగిలించి పది నిమిషాలు మంచినీళ్లతో కడగాలి. ఉప్పు లేనిచోట ఇసుక, ఒండ్రు ఉంటాయి. అవి నీటి పంపుని అరగదీస్తాయి.

ఆ పంపులో పువ్వులా రెక్కలున్న చిన్న రబ్బరు చక్రం ఉంటుంది, ఇంపెల్లర్. నదిలోంచి నీళ్లు లాగి ఇంజన్‌ని చల్లబరిచేది అదే. నడుస్తున్న ఇంజన్ వెనక సన్నటి నీటి ధార కనిపిస్తుందే, అది ఆ పంపు బతికున్నదనడానికి గుర్తు. స్టార్ట్ చేయగానే ముందు చూడాల్సింది దాన్నే. ధార సన్నబడినా, ఆగిపోయినా వెంటనే ఇంజన్ ఆపండి. ఒడ్డున నీళ్లు పెట్టకుండా "ఒక్కసారి సౌండు విందాం" అని స్టార్ట్ చేస్తారు. అర నిమిషంలో రబ్బరు రెక్కలు కాలిపోతాయి. నేనైతే ఒండ్రు నీటిలో తిరిగే ఇంజన్లకి ఏడాదికోసారి, చూడ్డానికి బాగానే ఉన్నా సరే, ఇంపెల్లర్ మార్చేస్తాను.

మొన్న ఎండాకాలం ఒక అబ్బాయి ఇంజన్ తెచ్చాడు. "బాబాయ్, నిన్నటిదాకా బాగానే ఉందండి, గేరు పడేటప్పుడు కొంచెం శబ్దం, అంతే" అన్నాడు. గేరు కేసు కింద స్క్రూ వదులు చేశాను. ఆయిల్ రాలేదు, పాలెక్కువైన టీ కారినట్టు కారింది. అంటే లోపలికి నీళ్లు చేరాయి. ప్రొపెల్లర్ విప్పితే షాఫ్టు చుట్టూ నైలాన్ వల దారం, వేడికి కరిగి గట్టి ఉంగరంలా బిగుసుకుపోయింది. సీలుని కోసేసింది. బేరింగులు తుప్పు పట్టాయి. నెలకోసారి ప్రొపెల్లర్ విప్పి చూసుకుంటే బ్లేడుతో కోసి పారేసే దారం అది. పది నిమిషాల పని. అతనికి కొత్త గేర్లు వేయాల్సొచ్చింది. గేర్ ఆయిల్ వంద గంటలకోసారి మార్చండి, మార్చేటప్పుడు రంగు చూడండి.

ఇంజన్ కింది భాగంలో బూడిద రంగు లోహపు ముక్కలుంటాయి, యానోడ్లు. తుప్పు ఇంజన్‌ని తినకుండా వాటిని తినడానికే పెట్టారు. సగం కరిగితే మార్చాలి. అందంగా ఉంటుందని వాటికి పెయింటు మాత్రం వేయకండి, వేస్తే అవి పనిచేయవు.

అపోహ: బండికి పోసే పెట్రోలు, ఆయిలే బోటుకీ సరిపోతాయి.

ఇప్పుడు మన బంకుల్లో పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. బోటు ఇంజన్ కంపెనీలు చాలావరకు 10 శాతం దాకానే ఒప్పుకుంటాయి. ఇథనాల్ గాలిలో తేమని పీలుస్తుంది. బోటు ట్యాంకు ఎప్పుడూ నీటి మీదే ఉంటుంది. నీళ్లు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి ట్యాంకు అడుగున వేరే పొరగా దిగిపోతాయి, ఇంజన్ పీల్చేది అడుగునుంచే. ఫిల్టర్‌లో ఉన్నది ఒక గాజు సీసాలోకి వంపి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. కింద గీత గీసినట్టు వేరే పొర కనిపిస్తే ట్యాంకు ఖాళీ చేయాల్సిందే. నీటిని వేరుచేసే ఫిల్టర్ పెట్టించుకోండి, రెండు మూడు వారాలకి మించి పెట్రోలు నిల్వ ఉంచకండి, పైపులు ఉబ్బాయేమో చూడండి.

టూ స్ట్రోక్ ఇంజన్ అయితే డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉన్న ఆయిలే వాడాలి. స్కూటర్ ఆయిల్ వాడితే స్పార్క్ ప్లగ్గులు, పిస్టన్లు మసి పడతాయి. ఎంత కలపాలో మీ ఇంజన్ పుస్తకంలో ఉంటుంది. యాభైకి ఒకటి అని ఉంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు.

పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు. బోటులోనే ట్యాంకు నింపితే అది కిందకి దిగి అడుగున కూర్చుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. తీసే వీలున్న ట్యాంకుని ఒడ్డున నేల మీద పెట్టి నింపండి. ఇంజన్ లోపల ఉండే బోట్లకి స్టార్ట్ చేసేముందు బ్లోవర్, అంటే ఆవిరిని బయటికి తోసే ఫ్యాను, నాలుగు నిమిషాలు తిప్పాలి.

అపోహ: డ్రెయిన్ ప్లగ్గు చిన్నదే, కొంచెం కారినా పర్వాలేదు.

బోటు లోపల చేరిన నీళ్లు వదలడానికి వెనక అడుగున ఉండే రంధ్రానికి మూత ఈ ప్లగ్గు. అంగుళం రంధ్రం నీటి మట్టానికి అడుగు కింద ఉంటే నిమిషానికి సుమారు నలభై లీటర్లు లోపలికి వస్తాయి. ట్రాలీ దించేముందు ప్లగ్గుని చేత్తో తాకి చూడండి. నేను రెండోది తాళంచెవుల గుత్తికే కట్టుకుని తిరుగుతాను.

అపోహ: గట్టిగా కట్టేసిన బోటు ఎక్కడికీ పోదు.

2024 సెప్టెంబర్ మొదట్లో కృష్ణకి వరదొచ్చినప్పుడు, బరువైన ఇనుప పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లని ఢీకొట్టాయి. 67, 69, 70 గేట్ల కౌంటర్‌వెయిట్లు, అంటే గేటు ఎత్తడానికి తోడుండే బరువు దిమ్మెలు, దెబ్బతిన్నాయి. మన చిన్న బోటు గేటుని ఏమీ చేయలేకపోవచ్చు, కానీ వరదలో అదీ అలాగే కొట్టుకుపోతుంది. తాడు పొట్టిగా, బిగుతుగా కడితే నీరు పెరిగేకొద్దీ ముక్కు కిందకి లాగేస్తుంది, బోటు కట్టిన చోటే మునుగుతుంది. లంగరు వేసినా లోతుకి అయిదు నుంచి ఏడు రెట్లు తాడు వదలాలి, ఎప్పుడూ ముందు నుంచే వేయాలి. వెనక నుంచి వేస్తే ఇంజన్ బరువుకి తాడు లాగుడు తోడై అల లోపలికి వచ్చేస్తుంది.

ఇంతకీ వరదకి నేను కట్టే తాడు ఏదీ లేదు. భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక ఇస్తారు. ఆ వార్త రాగానే ఫోన్లు చేయడం మొదలుపెడతాను. ఆ నీళ్లు ధవళేశ్వరం చేరేలోపు నా చేతికింద ఉన్న బోట్లన్నీ ట్రాలీ ఎక్కి గట్టు మీద ఉంటాయి, ప్లగ్గులు తీసేసి, ముక్కు కాస్త ఎత్తుగా, పడిన వాన నీళ్లు వాటంతట అవే కారిపోయేలా.