తుపాకీకి నూనె ఎక్కడ వేయకూడదు?

డబుల్ బ్యారెల్ తుపాకీకి బద్ధకస్తుడైన యజమాని దొరికినా పెద్ద ప్రమాదం లేదు. మధ్యలో విరిచేది, ఖాళీ డొల్ల తీసేది, కొత్త తూటా పెట్టేది అంతా మనిషి చెయ్యే. ఎక్కడైనా బిగుసుకుంటే ఇంకాస్త గట్టిగా లాగుతాడు. సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్‌కు ఆ సౌకర్యం లేదు. ఒక తూటా పేలాక డొల్లను బయటకు విసరడం, సుత్తిని మళ్ళీ ఎక్కుపెట్టడం, స్ప్రింగును నొక్కడం, తూటాలు వరుసగా ఉండే మేగజైన్ గొట్టంలోంచి తర్వాతి తూటాను, అది పేలే చోటైన ఛాంబర్‌లోకి తోయడం అన్నీ అదే చేసుకోవాలి. దానికి కావలసిన శక్తి ఆ తూటా నుంచే రావాలి. అందుకే దీని శుభ్రత అలంకార వ్యవహారం కాదు, ఘర్షణ లెక్కల వ్యవహారం.

హైదరాబాద్‌కు తుపాకులతో అనుబంధం పాతదే. అబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీ పేరు 18వ శతాబ్దం చివర నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సైనికాధికారి రేమండ్ పోతపోయించిన ఫిరంగులను ఇప్పటికీ గుర్తుచేస్తుంది. ఈ కాలానికి వస్తే, నగరానికి చెందిన కైనాన్ చెనాయ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో (2023) ఎగిరే పళ్ళేలను కాల్చే ట్రాప్ పోటీలో జట్టు స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం గెలిచారు. అయితే ట్రాప్, దానిలాంటిదే అయిన స్కీట్ క్రీడాకారులు ఎక్కువగా వాడేది గొట్టాలు ఒకదానిపై ఒకటి ఉండే తుపాకీనే. సెమీ ఆటోమేటిక్‌లు ఇక్కడ తక్కువ. 1959 నాటి ఆయుధాల చట్టం, దాని నియమాలు వాటిని కట్టుదిట్టమైన తరగతిలో పెట్టాయి, అది సబబే. ఈ వ్యాసం కొనమని చెప్పడానికి కాదు. నూనె గురించి మనకున్న ఒక మొండి నమ్మకాన్ని ఈ యంత్రం బాగా బయటపెడుతుంది కాబట్టి రాస్తున్నాను.

ముందు శక్తి సంగతి. పన్నెండు బోరు తూటాలో 28 గ్రాముల సీసపు గుళ్ళు సెకనుకు సుమారు 400 మీటర్ల వేగంతో బయటపడతాయనుకుందాం. వాటి గతిశక్తి దాదాపు 2,240 జౌళ్ళు. గొట్టంలో పీడనం ఒక దశలో సుమారు 700 వాతావరణాల దాకా లేస్తుంది, గుళ్ళు మూడు నాలుగు మిల్లీసెకన్లలో గొట్టం దాటేస్తాయి. ఇంత పేలుడులో తుపాకీ తన పనికి వాడుకునేది చిన్న వాటా మాత్రమే. గ్యాస్‌తో నడిచే రకాల్లో గొట్టానికి ఉన్న సన్నని రంధ్రాల గుండా కొంత వాయువు జారి, ఒక పిస్టన్‌ను వెనక్కి నెడుతుంది. పిస్టన్, ఛాంబర్‌ను వెనక నుంచి మూసి ఉంచే బోల్ట్‌ను తోస్తుంది. ఇటలీ ఇంజినీరు బ్రూనో చివొలాని 1960లలో రూపొందించిన, బెనెల్లి సంస్థ తయారుచేసిన జడత్వ పద్ధతిలో వాయువుతో పని లేదు. తుపాకీ మొత్తం వెనక్కి తన్నినప్పుడు బరువైన బోల్ట్ ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. ఆ తేడా బోల్ట్‌లో ఉన్న పొట్టి, గట్టి స్ప్రింగును నొక్కుతుంది; అది విప్పుకుంటూ తాళం తీస్తుంది. పద్ధతి ఏదైనా అందే శక్తికి హద్దు ఉంది. ఘర్షణ కాస్త పెరిగితే బోల్ట్ సగం దారిలో ఆగుతుంది, డొల్ల తాను బయటపడాల్సిన తలుపు దగ్గర ఇరుక్కుంటుంది. తేలికపాటి తూటాలతో ఈ ఇబ్బంది ముందుగా కనిపిస్తుంది.

అలాంటప్పుడు చాలామంది చేసే పని నూనె పోయడం. ఇక్కడే ఆ మొండి నమ్మకం: నూనె ఎంత ఎక్కువైతే కదలిక అంత సులువని.

జర్మన్ ఇంజినీరు రిచర్డ్ స్ట్రిబెక్ 1902 ప్రాంతంలో బేరింగులపై చేసిన కొలతలు దీనికి జవాబు చెబుతాయి. ఇరుసు ఆగకుండా వేగంగా తిరుగుతుంటే నూనె తనంతట తానే రెండు లోహాల మధ్యకు చొరబడి, వాటిని పూర్తిగా విడదీసే పొరను కడుతుంది. వేగం తగ్గితే ఆ పొర పలచబడి, లోహాల మీది సూక్ష్మమైన ఎత్తుపల్లాలు ఒకదానికొకటి తగులుతాయి. తుపాకీ బోల్ట్ ప్రతిసారీ నిశ్చల స్థితి నుంచి బయలుదేరుతుంది, పది పన్నెండు సెంటీమీటర్లు వెళ్ళి ఆగుతుంది, మళ్ళీ తిరిగి వస్తుంది. నిండు పొర కట్టడానికి దానికి వ్యవధే లేదు. అక్కడ పనిచేసేది లోహానికి అంటుకుని ఉండే అతి పలచని నూనె పొర, అందులోని కొవ్వు ఆమ్లాల వంటి అణువులు. బ్రిటిష్ శాస్త్రవేత్త విలియం హార్డీ 1920లలో ఈ పరిస్థితిని వివరంగా పరిశీలించాడు. ఆ పొర ఉంటే చాలు. అంతకు మించి వేసిన నూనె జారుడును పెంచదు. స్నిగ్ధత (చిక్కదనం) వల్ల కదలికకు అడ్డుపడుతుంది, మసిని పట్టి ఉంచుతుంది.

జాన్ బ్రౌనింగ్‌కు ఈ సంగతి ఆచరణలో తెలుసు. ఆయన 1900లో పేటెంటు పొందిన ఆటో-5 తుపాకీలో గొట్టమే వెనక్కి జరుగుతుంది. దాన్ని అదుపు చేయడానికి మేగజైన్ గొట్టం మీద కంచు ముక్క, ఉక్కు ఉంగరం అమర్చాడు. అవి ఘర్షణతో బ్రేకులా పనిచేస్తాయి. బరువైన తూటాలకు ఒక అమరిక, తేలిక వాటికి మరొకటి. ఆ మేగజైన్ గొట్టానికి నూనె ఎక్కువ పూస్తే బ్రేకు జారిపోయి, తూటా పేలే గొట్టం వెనక్కి గట్టిగా కొట్టుకుంటుంది. అలా ముందు చెక్క పగిలిన పాత ఆటో-5లు ఎన్నో. పూర్తిగా పొడిగా వదిలితే తేలిక తూటాలకు తుపాకీ పూర్తిగా తెరుచుకోదు. ఘర్షణనే పనిలో పెట్టుకున్న ఇంత తెలివైన రూపకల్పన యంత్రాల చరిత్రలో తరచుగా కనిపించదు.

ఇక మసి. పొగరాని మందులో ప్రధానంగా ఉండేది నైట్రోసెల్యులోజ్. అది చాలావరకు వాయువుగా మారుతుంది కానీ అంతా మండదు. మిగిలిన కర్బనం, కాలని పలుకులు, తూటా అడుగున ఉండి మందును అంటించే ప్రైమర్ నుంచి వచ్చే సీసం, బేరియం సమ్మేళనాలు, గుళ్ళను మోసే ప్లాస్టిక్ గిన్నె గీసుకుపోయిన పూత అన్నీ గొట్టంలో చేరతాయి. వాయువు పోయే దారి కాబట్టి పిస్టన్ దగ్గర మసి మరీ ఎక్కువ. అక్కడ నూనె ఉంటే వేడికి ఉడికి, మసితో కలిసి, పొయ్యి వెనక గోడకు ఏళ్ళ తరబడి పట్టిన జిడ్డులా గట్టిపడుతుంది. కిరోసిన్ ఆ జిడ్డును కరిగిస్తుంది, కర్బనాన్ని కరిగించలేదు. దాన్ని బ్రష్‌తో రుద్ది ఊడదీయాల్సిందే.

శుభ్రం చేసే ముందు మేగజైన్, ఛాంబర్ రెండూ ఖాళీ అని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. తర్వాత గొట్టాన్ని ఊడదీసి, ఛాంబర్ వైపు నుంచి మూతి వైపు కంచు బ్రష్ నడపాలి. ఉక్కు కంటే కంచు మెత్తన కాబట్టి గొట్టం గీసుకోదు. తర్వాత ద్రావకంలో తడిపిన గుడ్డ, ఆపైన పొడి గుడ్డ. పిస్టన్, దాని దారి శుభ్రంగా తుడిచి దాదాపు పొడిగా వదలాలి. ఎంత పొడిగా అన్నది ఆ మోడల్ పుస్తకం చెబుతుంది. గ్యాస్ రంధ్రాల్లో మసి ఉంటే తీయాలి గానీ, రంధ్రం వెడల్పు చేయకూడదు. చేస్తే బోల్ట్ వేగం పెరిగి యంత్రాన్ని లోపలి నుంచి దెబ్బకొడుతుంది. బోల్ట్ జారే పట్టాలకు ఒక్కో చుక్క చాలు. ఛాంబర్‌కు, ప్రైమర్‌ను కొట్టే ఫైరింగ్ పిన్ దారికి నూనె వద్దు. గొట్టం మూతిలో బిగించే ఇరుకు గొట్టం లాంటి చోక్ మరలకు మాత్రం గ్రీజు పూయాలి, లేకపోతే ప్లాస్టిక్, తుప్పు కలిసి చోక్ విడదీయరాకుండా బిగుసుకుంటుంది. చాలా మోడళ్ళలో బట్ (భుజానికి ఆనించే వెనక భాగం) లోపల ఉండి బోల్ట్‌ను తిరిగి ముందుకు నెట్టే స్ప్రింగును ఎవరూ పట్టించుకోరు. తుపాకీని మూతి పైకి పెట్టి నిలబెడితే నూనె అంతా అక్కడికే దిగుతుంది, చెక్కను మెత్తబరుస్తుంది. చేసే పనిలో సీసం ఉంది కాబట్టి గాలి ఆడే చోట కూర్చోవాలి, అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి; ఆ గుడ్డలను ఇంటి బట్టలతో కలిపి ఉతకకూడదు.

ఏ నూనె? గన్ ఆయిల్ దొరకకపోతే కుట్టుమిషను నూనె మంచిదే, అది పలచని ఖనిజ తైలం. వంటనూనెలు వద్దు. నువ్వుల నూనె, సన్‌ఫ్లవర్ నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా జిగురవుతాయి. కొబ్బరి నూనెకు ఆ బెడద తక్కువ గానీ అది సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. డిసెంబరులో హైదరాబాద్ ఉదయాలు 15 డిగ్రీల లోపుకు దిగుతాయి. అప్పుడు బోల్ట్‌ను ఆపడానికి మసి అక్కర్లేదు.

తుప్పు విషయంలో మన నగరానికి ఒక ప్రత్యేక ఇబ్బంది ఉంది, అది ఏసీ. ఆగస్టులో బయట 28 డిగ్రీలు, 80 శాతం తేమ ఉంటే మంచు బిందువు, అంటే గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత, సుమారు 24 డిగ్రీలు. 22 డిగ్రీల గదిలో రాత్రంతా ఉన్న తుపాకీని బయటకు తేగానే లోహానికి నీటి చెమ్మ పడుతుంది, లోపలి భాగాలకు కూడా. పైన కనిపించే నల్లని పూత ఇనుము ఆక్సైడే, కానీ అది సచ్ఛిద్రంగా ఉంటుంది; నూనె పట్టి ఉంచుతుందే గానీ ఒంటరిగా నీటిని ఆపలేదు. పైగా తేమ 60 శాతం దాటిన గాలిలో ఉక్కు వేగంగా తుప్పుపడుతుంది. స్పాంజ్ ఉన్న పెట్టెలో మూసి ఉంచితే ఆ చెమ్మ లోపలే నిలుస్తుంది. పెట్టెలోంచి తీసి, తుడిచి, సిలికా జెల్ ఉన్న పొడి అల్మారాలో తాళం వేసి పెట్టాలి.

నూనె కాస్త ఎక్కువ పూయడం సరైన సందర్భం ఒకటుంది. ఎన్నికలు ప్రకటించాక లైసెన్సు తుపాకులను అప్పగించమని పోలీసులు ఆదేశిస్తారు. 2024లో లోక్‌సభ ఎన్నికల నియమావళి మార్చి మధ్య నుంచి జూన్ తొలివారం దాకా నడిచింది, అంటే వానలు మొదలయ్యే దాకా. అన్నాళ్ళు ముట్టుకునే వీలులేని తుపాకీకి లోపలా బయటా తుప్పును ఆపే నూనె పట్టించి ఇవ్వడం మేలు. తిరిగి తెచ్చుకున్నాక, మొదటి తూటాకు ముందు గొట్టాన్ని, ఛాంబర్‌ను పొడి గుడ్డతో పూర్తిగా తుడవాలి. ఛాంబర్ గోడకు నూనె ఉంటే డొల్లకు పట్టు దొరకక, పేలినప్పుడు బోల్ట్ మీద పడే భారం పెరుగుతుంది.